అన్నయ్య నింపిన నీళ్లు

మా వదిన వేడినీళ్లు పోసుకుని పద్నాలుగు నెలలైంది. ఇంట్లో గీజర్ లేక కాదు. స్నానాలగదిలో, తలుపుకి ఎదురుగా గోడమీద, ఇరవై అయిదు లీటర్ల గీజర్ ఉంది. దాన్నిండా నీళ్లున్నాయి. అవి మా అన్నయ్య నింపిన నీళ్లు. వాటిలోంచి ఒక్క చుక్క కూడా పోకూడదని వదిన పట్టుదల.

అన్నయ్య పని గీజర్లు బాగుచెయ్యడం. మా వైపు బోరునీళ్లు తప్ప వేరే దిక్కులేదు. ఆ నీళ్లకి సబ్బు నురగ రాదు. ఉతికి ఆరేసిన తువ్వాలు అట్టముక్కలా నిలబడుతుంది. కొత్త బకెట్ నెల తిరక్కుండానే తల నెరిసిన ముసలిదానిలా తెల్లబడుతుంది. అలాంటి నీళ్లని రోజూ కాచితే గీజర్ లోపల కాయిల్ చుట్టూ సున్నం పేరుకుంటుంది. అన్నయ్య ఎవరింటికి వెళ్లినా ముందు పనిముట్ల సంచీ కింద పెట్టి, గీజర్‌కి చెవి ఆనించి కాసేపు వినేవాడు. "పేలాలు వేగుతున్నాయమ్మా మీ గీజర్‌లో. అరకిలో సున్నం ఉంటుంది," అనేవాడు. విప్పి చూస్తే అరకిలోకి అటూ ఇటూగా ఉండేది.

ఊరందరి గీజర్లూ కడిగేవాడికి సొంత గీజర్ కడిగే తీరిక దొరికేది కాదు. వదిన దెప్పేది. "అందరిళ్లలో సున్నం గీకుతావు. మనింటికి మాత్రం ఇంకెవరైనా మెకానిక్‌ని పిలవమంటావా? నీ నంబరు తప్ప నా దగ్గర వేరే నంబరు లేదు మరి." వారం రోజులు అలా దెప్పితే, ఒక ఆదివారం పొద్దున్నే అన్నయ్య స్టూలెక్కి గీజర్ విప్పాడు. నేను కింద నిలబడి టార్చి పట్టుకున్నాను, అడిగిన స్పానర్ అందించాను. కాయిల్‌ని యాసిడ్ కలిపిన పుల్లనీళ్లలో నానబెట్టి, సున్నమంతా పెచ్చులుపెచ్చులుగా రాల్చాడు. కాయిల్ పక్కనే ఉండే మెగ్నీషియం కడ్డీని బయటికి తీసి నా ముందు పట్టాడు. చూపుడువేలంత లావు ఉండాల్సింది, పెన్సిలంత సన్నబడింది.

"సగానికి పైగా పోయింది. ఇంకో ఆరు నెలలు లాగుతుందిలే. అప్పుడు కొత్తది వేద్దాం. గుర్తుచెయ్యి పిల్లీ," అన్నాడు.

నడిస్తే చప్పుడు కాదని చిన్నప్పట్నుంచీ నన్ను పిల్లీ అనేవాడు. అన్నయ్యని చూసి వదిన కూడా అలాగే పిలిచేది. నేను తలూపాను.

మళ్లీ బిగించాడు. నీళ్లు నింపాడు. స్విచ్ వేశాడు. వంటగదిలోకి తొంగిచూసి, "చప్పుడు విను, పసిబిడ్డ నిద్రపోతున్నట్టుంది. వేడెక్కాక ముందు నువ్వే పోసుకో," అని వదినతో చెప్పాడు. వంటయ్యాక పోసుకుంటానంది వదిన. ఈలోగా ఎవరో ఫోన్ చేస్తే, వాళ్ల గీజర్‌లోంచి పొగ వస్తోందంటే, బండి తీసుకుని వెళ్లాడు. నాలుగురోడ్ల దగ్గర లారీ గుద్దింది. ఇంట్లో నీళ్లు వేడెక్కి, చిన్న ఎర్రదీపం దానంతట అదే ఆరిపోయింది. అది ఆరడం వదిన చూసిందట. పోసుకుందామని తువ్వాలు తీసుకుందట కూడా. అప్పుడే తలుపు కొట్టారు.

నాలుగోరోజు ఇల్లంతా బంధువులు. ఎవరో పెద్దావిడ స్నానానికి వేడినీళ్లున్నాయా అని అడిగింది. అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న వదిన లేచి స్నానాలగదిలోకి వెళ్లి, గీజర్ కింద వాల్వ్ తిప్పి మూసేసింది. ప్లగ్గు పీకి, తీగ చుట్టి, చిన్న గుడ్డపేలికతో కట్టేసింది.

"ఇందులో నీళ్లు ఎవరూ వాడకండి," అంది.

వాళ్లూ వీళ్లూ మొహాలు చూసుకున్నారు. మా అమ్మ మాత్రం, "సరేనమ్మాయ్," అని పొయ్యిమీద గిన్నె పెట్టింది. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో వేడినీళ్లంటే గిన్నెలో కాచిన నీళ్లే. అవీ అమ్మ మోకాళ్ల కోసం.

వదిన లెక్క ఒకటే. ఒకసారి నాతో చెప్పింది. "వేడి చేస్తేనే కదా సున్నం పట్టేది. మీ అన్నయ్యే అనేవాడు. నేను వేడీ చెయ్యను, వాడనూ వాడను. ఇంక పాడెందుకవుతుంది?" అంటూ పొడిగుడ్డతో గీజర్‌ని పైనుంచి కింది దాకా తుడిచింది. నిద్రపోతున్న మనిషి నుదురు తుడిచినంత నెమ్మదిగా తుడిచింది. సున్నం విషయంలో ఆమె చెప్పింది నిజమే. కడ్డీ సంగతి ఆమెకి తెలియదు.

నాకు తెలుసు.

అన్నయ్య సామాన్లు కొనే కొట్టులోనే, ఆయన పోయాక నాకు ఉద్యోగం ఇచ్చారు. పగలంతా కౌంటర్ వెనక నిలబడి కాయిల్స్, వాషర్లు, కడ్డీలు అమ్ముతాను. కొట్టు ఊరికి అటు చివర. పక్క వీధిలోనే ఒక గది తీసుకుని ఉంటాను. ఆదివారాలు వదిన దగ్గరికి వెళ్లి వస్తాను. కౌంటర్ దగ్గర రోజుకి ఎంతమందితో అంటానో, "ఏడాదికోసారి కడ్డీ మార్చండి. నీళ్లు ట్యాంకుని తినకుండా ముందు దీన్ని తింటాయి. ఇది అయిపోతే ట్యాంకు మీద పడతాయి," అని. "మేం చలికాలంలో తప్ప వాడమమ్మా," అంటారు కొందరు. "వాడినా వాడకపోయినా అరుగుతుందండీ. నీళ్లలో మునిగి ఉంటే చాలు," అంటాను. మా యజమాని నవ్వుతాడు. "రోజు మొత్తంలో నువ్వు మాట్లాడేది ఈ నాలుగు ముక్కలే. అవి మాత్రం రేడియోలో చెప్పినట్టు చెప్తావు."

ఆరు నెలలయ్యాక ఒక కడ్డీ నేనే కొన్నాను. సంచీలో పెట్టుకుని ఆదివారం వదిన దగ్గరికి వెళ్లాను. చెబుదామనే వెళ్లాను. కానీ కడ్డీ మార్చాలంటే కింద మూత విప్పాలి. మూత విప్పాలంటే నీళ్లన్నీ తీసెయ్యాలి. వదిన ఎదురొచ్చి నా సంచీ అందుకుంది.

"ఏంటి ఇంత బరువు? ఇనుప ముక్కలు తింటున్నావా ఏంటి కొట్లో?"

"ఏం లేదు వదినా, సామాను."

"మొహం చూస్తే ఏదో చెప్పాలని వచ్చినట్టుంది."

"ఏం లేదు."

"మాటకి కూలి అడుగుతావేమో, చెప్పు, ఇస్తాను," అని నవ్వింది. అన్నయ్య పోయాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను. ఆ నవ్వు చెడగొట్టలేకపోయాను. వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాను. వచ్చే ఆదివారం ఆమె తలనొప్పితో పడుకుని ఉంది. ఆ తర్వాతి వారం అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఏ ఆదివారానికి ఆ ఆదివారం ఏదో ఒక కారణం దొరికింది. కడ్డీ అలాగే సంచీలో అటూ ఇటూ తిరిగింది. దాని కొన నా సంచీకి చిల్లు కూడా పెట్టింది.

పదమూడో నెలలో ఒకరోజు స్నానాలగదిలో గీజర్ కింద స్టీలు గిన్నె కనిపించింది. అందులో టీ డికాషన్ లాంటి నీళ్లు రెండు వేళ్ల లోతున ఉన్నాయి. పక్కనే మూతపెట్టిన బకెట్. మూత తీసి చూశాను. దాన్లోనూ అవే నీళ్లు, సగానికి తక్కువగా.

వదిన తలుపు దగ్గర నిలబడి ఉంది.

"వాల్వ్ దగ్గర కొంచెం చెమ్మగిల్లుతోంది అంతే," అంది.

చుక్క పడుతున్నది వాల్వ్ దగ్గర కాదు. ట్యాంకు అడుగు నుంచి, కింది మూత అంచు వెంబడి. ఆ సంగతి నాకన్నా ముందు ఆమెకే తెలిసి ఉంటుంది. రోజూ తుడిచేది ఆమే కదా.

"పారబొయ్యలేక బకెట్‌లో పోస్తున్నా. అత్తయ్యకి చెప్పకు," అంది.

అమ్మకి చెప్పేదేముంది? ఆ గది వాసనకి అమ్మ అప్పటికే ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని వెళ్తోంది. కానీ కోడలిని ఒక్క మాట అడగలేదు.

అడగాల్సింది కిందింటావిడ అడిగింది. ఆవిడ ఇంటి పైకప్పు మీద అరిచేయంత మరక పడి, రోజురోజుకీ పళ్లెమంత అయిందట. నేనున్న ఆదివారమే పైకి వచ్చింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఏమ్మా, మా స్నానాలగదిలో వాన పడుతోంది. గొడుగేసుకుని స్నానం చెయ్యమంటారా?"

"చిన్న చుక్కండీ. గిన్నె పెట్టాను," అంది వదిన.

"గిన్నెలో పడేది గిన్నెలో పడుతోంది. గోడ పట్టుకుని దిగేది మా నెత్తిన పడుతోంది. ఎర్రగా, తుప్పు! మొన్న మా ఆయన తెల్లచొక్కా పాడైంది. మీ ఆయన ఉన్నప్పుడు ఒక్క చుక్క కారనిచ్చాడా తల్లీ? బంగారం లాంటి మనిషి. మా గీజర్ ఎన్నిసార్లు బాగుచేసినా టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు." ఆవిడ కళ్లు తడయ్యాయి. తుడుచుకుని, మళ్లీ వెంటనే, "ఎవర్నైనా పిలిచి విప్పించండి. ఈ వారంలో కాకపోతే ఇంటి ఓనరుకి చెప్పక తప్పదు," అంది.

ఆవిడ దిగి వెళ్లాక వదిన నా వైపు తిరిగింది.

"ఎవర్నీ పిలవద్దు. నువ్వే విప్పు. వాషర్ మార్చి, నీళ్లు మళ్లీ దాన్లోనే పోద్దాం. పొయ్యొచ్చు కదా?"

"చూద్దాం వదినా," అన్నాను. అంతకన్నా ధైర్యం లేకపోయింది.

ఇంట్లో ఉన్న బకెట్లన్నీ కడిగి తుడిచి వరసగా పెట్టింది. నేను స్టూలెక్కాను. అన్నయ్య నిలబడినచోట నిలబడితే గీజర్ నా మొహానికి ఎదురుగా వచ్చింది. వాల్వ్ పైన ఉన్న నట్ మీద సున్నం గట్టిగా పట్టేసింది. స్పానర్ పెట్టి రెండు చేతులతో లాగితే కిర్రుమంటూ కదిలింది. వదిన బకెట్‌ని కింద పట్టుకుంది.

మొదట సన్నని ధార వచ్చింది. ఫర్వాలేదు, కొంచెం పసుపుగా, అంతే. వదిన ఆ ధార కింద వేళ్లు పెట్టింది. నాతో ఏదో అనబోయింది. అంతలో నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత గోధుమరంగు. ఆ తర్వాత తుప్పు పెచ్చులు, బురదలాంటి మడ్డి కలిసి బుడబుడమని వచ్చాయి. కుళ్లిన గుడ్డు వాసన గదినిండా కొట్టింది. ముందు గదిలో అమ్మ దగ్గడం వినిపించింది. వదిన మొహం పక్కకి తిప్పుకోలేదు. బకెట్ నిండుతుంటే ఇంకో బకెట్ జరిపింది. కారింది పోగా దాన్లో మిగిలింది ఒకటిన్నర బకెట్.

ధార ఆగాక కింది మూత బోల్టులు విప్పాను. కాయిల్‌తో పాటు మూత మొత్తం కిందికి దిగింది. కాయిల్ బాగానే ఉంది, అన్నయ్య గీకినంత శుభ్రంగా. పక్కన కడ్డీ ఉండాల్సినచోట దాని లోపలి తీగ ఒక్కటే వేలాడుతోంది, చేపముల్లులా. దానికి బూడిదరంగు గుజ్జు అంటుకుని ఉంది. టార్చి వేసి ట్యాంకు లోపలికి చూశాను. అడుగున అతుకు వెంబడి గాజుపూత లేచిపోయింది. మూడుచోట్ల ఇనుము తినేసింది. ఒకచోట వేలు పెడితే పొడిలా రాలింది.

"వాషరేనా?" అని అడిగింది వదిన.

"ట్యాంకు పోయింది వదినా."

"వెల్డింగ్ పెట్టిద్దాం."

"వెల్డింగ్ పెడితే చుట్టూ ఉన్న పూత కాలిపోతుంది. నాలుగు రోజులకి మళ్లీ కారుతుంది."

"నాలుగు రోజులైనా ఉంటుంది కదా."

ఆమె నా చేతిలోని మూత వైపు చూసింది. ఆ తీగని పట్టుకుంది.

"ఇదేంటి? ఆ రోజు ఇక్కడ పెన్సిలంత కడ్డీ ఉండేదే. మీ అన్నయ్య నీకు చూపిస్తుంటే వంటగదిలోంచి చూశాను."

"అదే ఇది. అరిగిపోయింది. ట్యాంకుని కాపాడేది ఇదే. ఇది అయిపోయాక ట్యాంకు తినేసింది తుప్పు."

"నేను వాడలేదు కదా? ఒక్కరోజు కూడా స్విచ్ వెయ్యలేదు కదా?"

"వాడకపోయినా అరుగుతుంది. నీళ్లలో ఉంటే చాలు."

వదిన కాసేపు తీగనే చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఈ సంగతి నీకెప్పట్నుంచి తెలుసు?"

ఇప్పుడే తెలిసిందని చెప్పొచ్చు. నమ్మేది కూడా. స్టూలు మీద నిలబడి ఆమెతో మాట్లాడటం బాగాలేదనిపించి దిగాను.

"మొదట్నుంచీ," అన్నాను.

"కొట్లో అందరికీ చెప్తావా ఇది?"

"చెప్తాను."

"ముక్కూమొహం తెలియనివాళ్లకి చెప్తావు. నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే కడ్డీ మార్చాలి. మార్చాలంటే నీళ్లు తీసెయ్యాలి. నువ్వు ఆ నీళ్లు..."

వదిన నెమ్మదిగా స్టూలు మీద కూర్చుంది. లెక్క తేల్చుకుంటున్నదానిలా ఒక్కో మాటా విడదీసి అంది. "అంటే నీళ్లు ఉంచుకుంటే ట్యాంకు పోతుంది. ట్యాంకు కావాలంటే నీళ్లు పోతాయి. ఏదో ఒకటి దక్కేది."

"అవును వదినా."

"ఏది ఉంచుకోవాలో నేను కదా తేల్చుకోవాల్సింది. నువ్వు కాదు కదా."

కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండేది. గొంతు పెంచకుండా, కూర్చున్నచోటు నుంచి కదలకుండా అంది. నేను సంచీలోంచి కడ్డీ తీసి ఆమె ఒళ్లో పెట్టాను. ఎప్పుడు కొన్నానో చెప్పాను. అన్నయ్య నన్ను గుర్తుచెయ్యమన్న మాట కూడా చెప్పాను. ఎనిమిది నెలల్లో చెప్పలేనివన్నీ నిమిషంలో అయిపోయాయి. వదిన ఆ కొత్త కడ్డీని ఒకసారి పైకెత్తి, బరువు చూసి, పక్కన పెట్టేసింది.

"అప్పుడు చెప్పి ఉంటే నిన్ను గుమ్మంలోంచే పంపేసేదాన్ని," అంది. మళ్లీ తనే, "అయినా చెప్పాల్సింది," అంది.

అమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది. అంతా విన్నట్టుంది.

"దాన్నేమీ అనకమ్మాయ్. పుట్టినప్పుడు ఏడవడానికి కూడా గంటసేపు ఆలోచించింది అది. మంత్రసాని వీపుమీద కొడితే గానీ నోరు తెరవలేదు," అంది.

"నేనేమీ అనట్లేదత్తయ్యా," అంది వదిన.

"ఏమీ అనకపోతే ఎలా? నాలుగు అను. తర్వాత ఆ నీళ్ల సంగతి చూడు," అంటూ అమ్మ కూడా గడప మీద చతికిలబడింది. మోకాళ్లు వంగనావిడ అలా కూర్చోవడం చాలా రోజులకి చూశాను. బకెట్ అంచు పట్టుకుని లోపలికి చూసింది. తుప్పంతా అడుక్కి దిగుతూ, పైన కాస్త తేటగా అవుతోంది. అమ్మ దోసిట్లోకి కాసిని నీళ్లు తీసుకుంది. మొహం దగ్గరికి తెచ్చుకుంది. వాసనకి ఆగిపోయింది. అయినా చాలాసేపు పారబొయ్యలేదు. వేళ్ల సందుల్లోంచి అవే కారిపోయాయి.

"వాడి చెయ్యి తగిలిన నీళ్లే గానీ, వాడు కాదమ్మా," అంది. ఆ మాట కోడలికి చెప్పిందో తనకి చెప్పుకుందో తెలియలేదు.

కాసేపటికి వదిన లేచింది. నా చేతిలోని స్పానర్ తీసుకుని కిటికీలో పెట్టింది.

"మీరిద్దరూ బయటికి వెళ్లండి," అంది.

అమ్మని లేవదీసి ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టాను. స్నానాలగది తలుపు మూసుకుంది. గడియ పడింది. కొంచెంసేపటికి చెంబు మునిగిన చప్పుడు, నీళ్లు పడిన చప్పుడు. ఆగి మళ్లీ. ఒక్కో చెంబుకీ మధ్య చాలా వ్యవధి.

"పోసుకుంటోందా?" అని అడిగింది అమ్మ, గొంతు తగ్గించి.

తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాను. తలుపుకి చెవి ఆనిస్తే తెలిసేదేమో. నాకు ఆ హక్కు ఉందనిపించలేదు. చెంబు చప్పుళ్లు అలా సాగుతూనే ఉన్నాయి. బకెట్ ఒక్కసారి వంపేస్తే అరనిమిషం పని. మధ్యలో ఒకసారి చాలాసేపు చప్పుడు ఆగిపోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. మళ్లీ చెంబు మునిగింది.

చివరికి గడియ తీసింది. వదిన జుట్టు పొడిగానే ఉంది. బట్టలూ పొడిగానే ఉన్నాయి. పాదాలు మాత్రం చీలమండల దాకా ఎర్రగా ఉన్నాయి. వెనక నేల మీద తుప్పు రంగు నీళ్లు ఇంకా తూము వైపు జారుతున్నాయి. మూడు బకెట్లూ బోర్లించి ఉన్నాయి. గోడమీద అడుగు ఊడిన గీజర్ నోరు తెరుచుకుని వేలాడుతోంది.

ఆమె కళ్లు ఎర్రబడలేదు. ఏడుపు తర్వాత వస్తుందేమో. అమ్మ వైపు చూసింది. నా వైపు చూడలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, గోడతో చెప్పినట్టు చెప్పింది.

"కిందావిడతో చెప్పిరా. ఇంక కారదని."

మెట్లు దిగాను. కిందింటావిడ తలుపు తీసేసరికి ఆవిడ చేతికి పిండి ఉంది. లోపల టీవీ మోగుతోంది.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయిందండీ. ఇంక కారదు."

"హమ్మయ్య! పీడ విరగడైంది," అంది ఆవిడ మనస్ఫూర్తిగా. ఆవిడ తప్పేమీ లేదు. నా భుజం తట్టబోయి, చేతికి పిండి ఉందని ఆగి, నవ్వి లోపలికి తిరిగింది.

"పీడ కాదండీ," అన్నాను.

అప్పటికే తలుపు వేసేసింది.